క్యూ కర్రకు నీటిగండం

వానాకాలంలో ఉబ్బి మూసుకోనని మొండికేసే తలుపు, ఎండాకాలం రాగానే సందులిస్తుంది. మే నెలలో 45 డిగ్రీల దాకా మండిపోయి, జులైలో గోడలు చెమర్చే రాయ్‌పూర్‌లో ఇది ఇంటింటికీ తెలిసిన సంగతే. ఆ తలుపు పక్కనే గోడకు ఆనించిన క్యూ కర్ర కూడా చెక్కేనని మాత్రం చాలామందికి గుర్తుండదు.

స్నూకర్ 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో పుట్టిందంటారు. అప్పట్లో జబల్‌పూర్, రాయ్‌పూర్ రెండూ సెంట్రల్ ప్రావిన్సెస్‌లోవే. ఆట ఇక్కడిదే అయినా కర్ర చలిదేశాలది. స్నూకర్ క్యూకి ఎక్కువగా యాష్, పూల్ క్యూకి మేపుల్ వాడతారు. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే కుదించుకుపోతుంది. రెండు పక్కలా ఒకేలా జరగకపోతే వంగుతుంది. అందుకే కూలర్ గాలికి ఎదురుగా, కారు డిక్కీలో, రేకుల కింది అటక మీద క్యూ ఉండకూడదు. కేసులో పెట్టి గది లోపల సమంగా పడుకోబెట్టడమే మేలు.

వాతావరణం కన్నా ఎక్కువ హాని చేసేది యజమాని ప్రేమ. చెమటకు కర్ర జిగురుగా అనిపించగానే ఉప్పు కాగితం అందుకుంటారు. రుద్దినప్పుడల్లా కొంత చెక్క పోతుంది. సన్నబడిన కర్ర మళ్లీ లావెక్కదు. ఆట ముగిశాక గట్టిగా పిండిన తడిగుడ్డతో ఒకసారి, వెంటనే పొడి నూలుగుడ్డతో మరోసారి తుడిస్తే చాలు.

వార్నిష్ లేని చెక్క మీద చిన్న సొట్ట పడితే, తడిగుడ్డ ముక్క కప్పి వేడి చెంచా వీపు కొన్ని సెకన్లు ఆనించండి. నొక్కుకుపోయిన నార నీరు పీల్చి లేస్తుంది. తెగిన నార లేవదు.

వార్నిష్ లేని యాష్ క్యూకి ఏడాదికి ఒకటి రెండుసార్లు అవిసె నూనె పట్టించవచ్చు. ఛత్తీస్‌గఢ్ రైతులు వరి కోతకు ముందే మడిలో చల్లే అల్సీ ఇదే. కొబ్బరినూనె ఆరదు, జిడ్డుగా మిగులుతుంది. అవిసె నూనె నాలుగు చుక్కలు రుద్ది, మిగిలింది తుడిచి, ఒకరోజు ఆరనివ్వండి. తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి పడేయకండి. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి అది దానంతటదే అంటుకోవచ్చు. ఆరుబయట విప్పి పరచాలి.

క్యూలో అరిగిపోవడానికే ఉన్నది చివరనున్న తోలు టిప్. పాతది బ్లేడుతో తీసి, అడుగున జిగురు గీకి, కొత్తది అంటించి, మర్నాడు ఆకురాయితో రూపాయి బిళ్ల అంచులా గుండ్రంగా దిద్దాలి. ఆకురాయి కింది ఇత్తడి పట్టీకి తగలకూడదు.

వంగిన కర్రకు బరువులు కట్టడం, సెగ చూపడం వంటి చిట్కాలు ఎక్కువ కాలం నిలవవు. వంపు కొద్దిపాటిదైతే భయం లేదు. యాష్ మీది బాణం గుర్తుల వంటి చారలు ఎప్పుడూ పైకి ఉండేలా పట్టుకుంటే చెయ్యి దానికి అలవాటు పడుతుంది.

స్టీఫెన్ హెండ్రీ ఏడు ప్రపంచ టైటిళ్లు గెలిచిన క్యూ 2003లో విమాన ప్రయాణంలో విరిగింది. అదేమీ ఖరీదైన క్యూ కాదు. కానీ డబ్బు పెడితే కొత్త కర్ర వస్తుంది గానీ, చెయ్యి ఎరిగిన కర్ర రాదు. క్యూ మరమ్మతులో సగం పనితనం, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలుసుకోవడమే.