ఇల్లు ఇల్లాలి పేరున... మరి కాగితాలు చదివిందెవరు?

2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో హైదరాబాదు చెరువుల పక్కన ఇళ్లు కూలగొడుతుంటే టీవీలో చూడనివాళ్లుండరు. ఆ ఏడాది జూలైలో ఏర్పాటైన హైడ్రా మనుషులు యంత్రాలతో వస్తే, సామాన్లు రోడ్డున పెట్టుకుని ఆడవాళ్లు ఏడుస్తూ ఒకటే మాట అన్నారు. "రిజిస్ట్రేషన్ ఉంది, ఇంటిపన్ను కడుతున్నాం, కరెంటు మీటరుంది. ఇంకేం కావాలండీ?"

కోస్తాలోని మా చిన్న ఊళ్లో టీవీ ముందు కూర్చున్న మా అత్తగారు కూడా అదే అడిగారు. "అదేంటమ్మాయ్! రిజిస్ట్రేషన్ చేసిందీ సర్కారే, కూల్చేదీ సర్కారేనా?"

నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ రాత్రి బీరువాలోంచి మా ఇంటి దస్తావేజు తీశాను. పన్నెండేళ్ల క్రితం నా పేరున కొన్న ఇల్లు. ఆ రోజు పట్టుచీర కట్టుకుని రిజిస్ట్రారాఫీసుకు వెళ్లాను. ఫొటో అంటించారు, వేలిముద్రలు వేయించుకున్నారు, మావారు చూపించిన చోటల్లా సంతకం పెట్టాను, వచ్చేదారిలో స్వీట్లు కొనుక్కున్నాం. దస్తావేజు మాత్రం చదవలేదు. పన్నెండేళ్ల తర్వాత చదివితే ఏముంది? తూర్పున ఉండాల్సిన రోడ్డు పడమరకు వెళ్లింది, పడమరనున్న పక్కింటివారి ప్రహరీ తూర్పుకొచ్చింది! రాసినాయన పొరపాటు. దాన్ని దిద్దాలంటే సవరణ దస్తావేజు రాయించి, అమ్మిన పెద్దాయన చేత మళ్లీ సంతకం పెట్టించాలి. ఆయనేమో ఊరు మారి కొడుకు దగ్గరున్నారు. వెతికి పట్టుకుని పని పూర్తిచేసేసరికి నాలుగు నెలలు పట్టింది. పత్రికలో నా కథలో ఒక్క అక్షరం తప్పు పడితే వారం రోజులు బాధపడే నేను, నా ఇంటి హద్దులు చదువుకోలేదు!

అప్పట్నుంచీ మా వీధిలో ఎవరు ఇల్లు కొన్నా, అమ్మినా నన్నడగడం మొదలుపెట్టారు. తరచుగా వచ్చే ప్రశ్నలు ఇవీ.

రిజిస్ట్రేషన్ అయితే ఇల్లు మనదైనట్టే కదా?

కాదు. ఇదే మనం అందరం పొరబడే చోటు. రిజిస్ట్రేషన్ లేకుండా ఇల్లు చేతులు మారదు, నిజమే. కానీ మన రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. ఫలానా వారు ఫలానా వారికి అమ్మినట్టు రాసుకున్న కాగితాన్ని ప్రభుత్వం నమోదు చేస్తుంది, అంతే. అమ్మినవారికి అసలు హక్కు ఉందా లేదా అన్నది సబ్ రిజిస్ట్రారు తేల్చరు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. హక్కు రుజువు చేయలేదని రిజిస్ట్రేషన్ నిరాకరించే అధికారం కూడా ఆయనకు లేదంది. అదే ఏడాది నవంబరులో బీహారు కేసులోనూ, రిజిస్ట్రేషన్ ఒక్కటే హక్కుకు తిరుగులేని సాక్ష్యం కాదని చెప్పింది.

ఈ లోపం సరిచేస్తామని ఆంధ్రప్రదేశ్ 2022లో భూమి హక్కుల చట్టం తెచ్చింది. హక్కులు తేల్చే పెత్తనం అధికారుల చేతికిపోతుందని జనం, లాయర్లు భయపడ్డారు. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చాక ఆ చట్టం రద్దయింది. అంటే మళ్లీ మొదటికే. హక్కుకు పూచీ ఇచ్చేవారు ఎవరూ లేరు, చూసుకోవాల్సింది కొనేవాళ్లమే.

ఈసీ తీసుకుంటే చాలదా?

ఈసీ తప్పనిసరి. ముప్ఫై ఏళ్లది తీయించడం మంచిది. 1983 తర్వాతివి రెండు రాష్ట్రాల్లోనూ కంప్యూటర్లో దొరుకుతాయి. కానీ రిజిస్టరైన లావాదేవీలే అందులో కనబడతాయి. రిజిస్టరు చేయని వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా, చనిపోయిన యజమాని వారసుల వాటాలు... ఇవేవీ ఈసీలో ఉండకపోవచ్చు. అందుకే లింకు దస్తావేజులు వరుసగా చూడాలి. ఆయనకెవరు అమ్మారు, వారికెలా వచ్చింది అని గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్లాలి. ఎక్కడ లింకు తెగితే అక్కడ ఆగాలి. జిరాక్సులు కాదు, ఒరిజినల్సు కళ్లారా చూడాలి. ఒరిజినల్ "ఎక్కడో ఉంది" అంటే తాకట్టులో ఉందేమోనని అనుమానించాలి.

ఆ స్థలం అసలు అమ్మదగ్గదేనా అన్నది ఇంకో ప్రశ్న. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో సర్వే నెంబరు కొట్టి చూడొచ్చు. పేదలకు ఇచ్చిన అసైన్డు భూముల అమ్మకాలను 1977 చట్టం నిషేధించింది. హైదరాబాదు చుట్టుపక్కలైతే చెరువుల పూర్తి నీటిమట్టం ఎక్కడిదాకానో హెచ్ఎండీఏ పటాల్లో చూసుకోవాలి. మా అత్తగారి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. రిజిస్ట్రేషన్ చూసే శాఖ వేరు, చెరువు హద్దులు చూసే శాఖ వేరు. మధ్యలో నలిగేది మనం.

బయానా ఎంత ఇవ్వొచ్చు?

పాత ఇల్లయితే అది మీకూ అమ్మేవారికీ కుదిరే మాట. కాగితాలు లాయరుకు చూపించాకే ఇవ్వండి. గడువు, మిగతా సొమ్ము, బేరం చెడితే బయానా సంగతి అగ్రిమెంటులో రాయించండి. రెరా కింద ఉన్న కొత్త అపార్టుమెంటయితే, రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదని 2016 చట్టం చెబుతోంది. ఇల్లు అప్పగించాక ఐదేళ్లలోపు నిర్మాణంలో లోపం బయటపడితే బిల్డరే ఉచితంగా సరిచేయాలి. రెరా నెంబరు లేని "ప్రీ లాంచ్ ఆఫర్" చవగ్గా వస్తోందని గాజులు తాకట్టు పెట్టకండమ్మా.

జీపీఏ మీద కొంటే ఖర్చు తగ్గుతుందట?

ఖర్చు తగ్గుతుంది, హక్కు మాత్రం రాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు కలిపి చేసే అమ్మకాలతో ఆస్తి బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. జీపీఏ పట్టుకుని మరొకరి తరఫున ఎవరైనా అమ్మవస్తే, అది ఇచ్చిన మనిషి బతికి ఉన్నారా, దాన్ని రద్దు చేశారా అన్నది తప్పకుండా కనుక్కోండి.

పుట్టింటి ఇల్లు అమ్ముతున్నారు, అన్నయ్య సంతకం అడుగుతున్నాడు...

అన్నింటికన్నా ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. అన్నయ్య సంతకం ఎందుకడుగుతున్నాడు? మన హక్కు ఉంది గనక. హక్కు లేకపోతే కొనేవాడి లాయరు మన సంతకం కావాలని పట్టుబట్టడు.

హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో ఆడపిల్లకు సమాన వాటా ఇచ్చిన చట్టం మన రాష్ట్రంలో ఎన్టీ రామారావు హయాంలోనే వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు అది వర్తించింది. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణలో పెళ్లయిందా లేదా అన్న తేడా పోయింది. ఆ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా పంపకాలు జరిగి ఉంటే వాటిని తిరగదోడలేం. ఇక తండ్రి స్వార్జితమైతే, వీలునామా రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమానమే. ఇతర మతాల వారికి వారి వారసత్వ నియమాలు వేరు.

వాటా తీసుకోవాలా, వదులుకోవాలా అన్నది మీ ఇష్టం. వదులుకున్నా తెలిసి వదులుకోండి. "ఒక్క సంతకం పెట్టమ్మా, చీర పెడతాను" అన్నప్పుడు అది అమ్మకపు దస్తావేజా, హక్కు విడుదల పత్రమా, అందులో మీకెంత సొమ్ము ముట్టినట్టు రాశారో చదివి పెట్టండి. సంతకానికి ముందు చదవడం అన్నయ్యను అవమానించడం కాదు.

అమ్మేది మనమైతే?

బయానా అయినా సరే 20 వేలు, ఆ పైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంత జరిమానా తీసుకున్నవారికే. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారు 1 శాతం పన్ను కోసి కడతారు. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే ఆ లెక్క వేరు, కోత చాలా ఎక్కువ. అమెరికా పిల్లల పేరున ఇళ్లున్నవాళ్లు ముందే ఆడిటరును అడగాలి.

నా పేరున కొంటే నాకేం లాభం?

ఢిల్లీలో ఆడవారి పేరున కొంటే స్టాంపు డ్యూటీ 4 శాతం, మగవారి పేరున 6 శాతం. మహారాష్ట్రలోనూ 2021 నుంచి 1 శాతం తగ్గింపు ఉంది. మిగతా రాష్ట్రాలూ ఆడవారికి తగ్గించే ఆలోచన చేయాలని 2024 జూలై బడ్జెట్‌లో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ అన్నారు. మంచిదే. కానీ తగ్గింపు కోసం మాత్రమే మన పేరు వాడుకుంటే అది ఇల్లాలి ఇల్లు కాదు, రాయితీ కార్డు.

మీ పేరున ఉన్న ఇల్లు మీ సంతకం లేకుండా అమ్ముడుపోదు. కానీ "బ్యాంకు పని" అని చెప్పి మీ చేత పెట్టించుకున్న జీపీఏ సంతకంతో, మీకు తెలియకుండానే అమ్ముడుపోగలదు. లోను కాగితాల్లో మీ పేరుంటే అప్పు తీర్చే బాధ్యతా మీదే.

మావారిని నేను నిందించడం లేదు. ఆ రోజు ఆయనా చదవలేదు. "లాయరు చూశాడుగా" అన్నారు. లాయరు చట్టం చూస్తాడు. మన ఇంటికి తూర్పున రోడ్డుందో, ప్రహరీ ఉందో రోజూ ముగ్గేసే మనకు తెలిసినంతగా ఆయనకెలా తెలుస్తుంది? ఈ ఆదివారం బీరువా సర్దేటప్పుడు పట్టుచీరల కింద ఉన్న ఆ దస్తావేజు తీయండి. పేరు, సర్వే నెంబరు, కొలతలు, నాలుగు హద్దులు... కాఫీ చల్లారేలోపు చదివేయొచ్చు. నాకైతే పన్నెండేళ్లు పట్టింది.