అన్నీ గ్రీనే అయితే నష్టం ఎక్కణ్ణుంచి?

నెలాఖరు వచ్చిందంటే చాలు, మన ఆఫీసుల్లో ఎక్సెల్ షీటుకు ముస్తాబు మొదలవుతుంది. ఎంఐఎస్ కుర్రాడు డోనట్ చార్టు పెట్టి, కింది సగానికి రంగు తీసేసి, మీద సన్నటి ముల్లు అతికించి స్పీడోమీటర్ తయారుచేస్తాడు. ఇంత కష్టం ఒక్క అంకె చూపించడానికి! ఆ అంకె పోయిన నెల ఎంతో, పోయినేడు ఇదే నెలలో ఎంతో ఆ ముల్లు చెప్పదు. పొద్దున రివ్యూలో పెద్దసారు అడిగేది మాత్రం ఒకటే: "ఆ రెడ్ ఏంటయ్యా?" మధ్యాహ్నానికల్లా అది గ్రీనవుతుంది. గోడౌన్లో సరుకు కదలక్కర్లేదు, టార్గెట్ గడిలో 75 చెరిపి 65 కొడితే సరి.

దీన్ని పొరపాటు అనను. మోసమనే అంటాను.

విజయవాడ డిపోకి 1,000 ఆర్డర్లొస్తే 500 టైముకి చేరాయనుకోండి. ఒంగోలులో 10కి 9 చేరాయి. ఒకటి 50 శాతం, ఇంకోటి 90 శాతం. ఆ రెండు గడుల కింద యావరేజ్ ఫార్ములా లాగుతారు: 70 శాతం. టార్గెట్ 65, కాబట్టి గ్రీన్. అసలు లెక్క 1,010కి 509, అంటే 50.4 శాతం. దాదాపు సగం మంది కస్టమర్లు ఫోన్లు చేసి తిట్టిపోస్తున్నా సారు ముందు మాత్రం పైన పటారమే. ఇక మూడో డిపో రిపోర్టే పంపలేదనుకోండి, ఇఫ్‌ఎర్రర్ ఫార్ములా ఉంది కదా! ఎర్రర్ కనపడాల్సిన గడిని ఖాళీగా చూపిస్తుంది. యావరేజ్ ఆ గడిని లెక్కలోకే తీసుకోదు. లెక్క చెప్పనివాడు తప్పించుకుంటాడు, నిజం రాసినవాడికి రెడ్ పడుతుంది.

"రంగుల్లేకపోతే సార్లు చూడరండీ" అంటారు. చూడకపోతే పోనీయండి! అంకె చదవలేని సారుకు స్కోర్‌కార్డు దేనికి?

ఎక్సెల్‌ని తిట్టి లాభం లేదు. లక్షలు పోసి పవర్ బీఐ తెచ్చినా ఇదే సగటు ఇంకాస్త నున్నగా కనిపిస్తుంది, అంతే. 1992లో కాప్లాన్, నార్టన్ అనే ఇద్దరు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు గురించి రాస్తూ, డబ్బు లెక్కలొక్కటే చాలవు, కస్టమర్ల మాట, లోపలి పనితీరు, నేర్చుకోవడం కూడా వాటి పక్కనే ఉంచి చూడమన్నారు. మనవాళ్ళు ఆ పేరు పట్టుకొచ్చి సేల్స్ టార్గెట్‌నే నాలుగు ట్యాబుల్లో తిప్పి చూపిస్తున్నారు. టార్గెట్‌నే పట్టుకు కూర్చుంటే ఏమవుతుందో చూడండి: అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారుకు 8 ప్రోడక్టులు అంటగట్టాలని సిబ్బంది మెడమీద కూర్చుంటే, వాళ్ళు జనానికి తెలియకుండా ఖాతాలు తెరిచేశారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. టార్గెట్ పట్టికలో మాత్రం అవన్నీ అమ్మకాలే!

ఈ నెల రివ్యూలో ప్రతి శాతం పక్కన ఎన్నింటికి ఎన్నో వేయమనండి. టార్గెట్ గడిని ఎవరు, ఏ తేదీన మార్చారో పక్క కాలమ్‌లో రాయమనండి. ఆ కాలమ్ వద్దని ముందుగా చెయ్యెత్తేదెవరో చూడండి.