కెమెరాలో కనిపించిన ముఖము ఎవరిది?

ఎక్కడ దొంగతనము జరిగినను నేడు మొదటి ప్రశ్న "కెమెరాలో పడినదా?" అన్నదే. పడినదనిన దొంగ దొరికినట్లేనని జనుల నమ్మకము. కాని కెమెరా ముఖమును చూపగలదే గాని అది ఎవరిదో చెప్పజాలదు. చెప్పవలసినది మనిషి కన్ను. ఆ కన్ను ఎంతవరకు నమ్మదగినది?

1999లో గ్లాస్గో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. నిఘా కెమెరాలో పడిన అధ్యాపకుల మసక దృశ్యములను మూడు వర్గములకు చూపిరి. వారి వద్ద చదువుకొన్న విద్యార్థులు సులభముగా గుర్తించిరి. పరిచయము లేని విద్యార్థులు తడబడిరి. అనుభవజ్ఞులైన పోలీసులు సైతము వీరికంటె మెరుగు కాలేదు. దేహమును కప్పి చూపినను శిష్యులు గురువులను పోల్చుకొనిరి. ముఖమును కప్పగానే ఆ శక్తి బాగా తగ్గినది.

తెలిసినవారి ముఖమును మనము ఎండలో, నీడలో, నవ్వులో, కోపములో వేయిసార్లు చూచి యుందుము. అపరిచితుని విషయమున మనకున్నది ఆ ఒక్క చిత్రమే. అదే సంవత్సరము ప్రచురితమైన మరొక పరిశోధనలో, స్పష్టమైన చిత్రమునిచ్చి 10 ఫోటోలలో పోల్చుమన్నను 100కి సుమారు 30 సార్లు తప్పు జరిగినది.

ఈ తప్పునకు మూల్యము చెల్లించువాడు నిరపరాధి. 2020 జనవరిలో అమెరికాలోని డెట్రాయిటు నగరమున గడియారముల దొంగతనము కేసులో ఒకరిని అన్యాయముగా అరెస్టు చేసిరి. కంప్యూటరు అతని పాత లైసెన్సు ఫోటోను సూచించినది. పిదప భద్రతా సంస్థ ఉద్యోగి ఒకరు ఫోటోల వరుసలో అతనినే ఎంచిరి. ఆ ఉద్యోగి నేరమును కండ్లార చూచినవారు కారు, వీడియోను మాత్రమే చూచినవారు.

మన దేశమున 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డునకు ధ్రువపత్రము కోరుచున్నది. ఆ పత్రము రికార్డునకు పూచీయే గాని, అందులోనున్నది ఫలానావాడేననుటకు పూచీ కాదు. ఈ భేదమును మరువరాదు.

అనుమానితుని పేరు ముందుగా చెప్పక, అతనిని బాగుగా ఎరిగినవారికి విడివిడిగా దృశ్యమును చూపుట మేలు. పేరు తగిలించి ఫోనులలో పంపుట మాత్రము ఆపద. 2018 జూలైలో బీదరు జిల్లాలో, పిల్లలనెత్తుకొనిపోవువాడన్న వదంతికి హైదరాబాదు యువకుడొకడు బలియైనాడు. అపరిచితుని అనుమానించుట ఎంత సులభమో సరిహద్దున నివసించు మనకు వేరుగా చెప్పనక్కరలేదు. "ఇతడే" అనుటకు ముందు, "నేను ఇతనిని నిజముగా ఎరుగుదునా?" అని ప్రతివారును ప్రశ్నించుకొనవలెను.