సంపాదకుని మాట: కాలినడక జనం

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల నీడ కూడా ఉంది. బాగుంది. కానీ శ్రీనగర్ కాలనీవాళ్లు చాలామంది అక్కడికి సైకిల్‌ని కారుకి కట్టుకునే వెళ్తారు!

ఇక్కడ రోజూ నడిచేది వేరే జనం. కృష్ణానగర్‌లో అద్దెకుండే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, ఇళ్లలో వంటచేసే ఆడవాళ్లు, పేపర్ వేసే కుర్రాళ్లు. ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కడానికి సైకిల్‌కైతే గేర్లుండాలి. వీళ్లకు కాళ్లే దిక్కు. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన ఆపిన కారు, ఆపైన తవ్వి వదిలేసిన గుంత. (టిఫిన్ బండిని మాత్రం ఏమీ అనను, పొద్దున్నే వీళ్ల ఆకలి తీర్చేది అదే.)

యూసుఫ్‌గూడలో మెట్రో దిగాక ఇల్లు చేరే దారిలో ఆ చివరి ముక్క గురించే ఈ సంచిక. మీ వీధిలో ఫుట్‌పాత్ ఎక్కడ మాయమవుతుందో మాకు రాయండి.