మార్కుల్లేని మైదానం

సైనిక్ స్కూల్లో ఆరో తరగతి సీటు కోసం పిల్లలు రాసే పరీక్ష 300 మార్కులకు. అందులో సగం, అంటే 150, లెక్కలకే. గుడివాడ నుంచో అవనిగడ్డ నుంచో పిల్లల్ని తెచ్చి విజయవాడ కోచింగ్ హాస్టళ్లలో చేర్చే తల్లిదండ్రులకు ఈ అంకెలు కంఠతా వచ్చు. ఆ 300లో పరుగుకు గానీ, ఆటకు గానీ ఒక్క మార్కూ లేదు. సీటొచ్చి కోరుకొండ సైనిక్ స్కూల్లో అడుగుపెట్టాక మాత్రం తెల్లవారితే పీటీ, పొద్దువాలితే ఆట. ఎవరికీ మినహాయింపు ఉండదు.

విజయనగరం రాజుల భవనంలో 1962 జనవరిలో మొదలైన బడి అది. ఇలాంటి బళ్లలో బంతి తన్నే పిల్లలకు సుబ్రతో కప్ పెద్ద ఆశ. మన వైమానిక దళానికి అధిపతి అయిన తొలి భారతీయుడు సుబ్రతో ముఖర్జీ పేరిట 1960 నుంచి జరుగుతున్న పాఠశాలల ఫుట్‌బాల్ పోటీ ఇది. వయసు పరిమితి ఉంది కనుక ఏ జట్టూ రెండు మూడేళ్లకు మించి ఒక్కలా ఉండదు. నిరుడు గోలు కొట్టిన కుర్రాడు ఈ ఏడు నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) పరీక్ష పుస్తకాల ముందు కూర్చుంటాడు. వాడి చోటులోకి ఇంకో ఊరి పిల్లవాడు వస్తాడు. ఎవరు ఎక్కడ ఇముడుతారో మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే.

ఆ చూసుకోవడం ఎంత విలువైందో పీటర్ తంగరాజ్ జీవితం చెబుతుంది. హైదరాబాదులో పుట్టి, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, సైన్యంలో చేరాడాయన. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులోకి వచ్చినప్పుడు గోలు కొట్టే ఫార్వర్డు. గోల్‌కీపరుగా మారింది ఆ జట్టులోనే. 1955లోనూ, 1958లోనూ ఆ జట్టు డ్యూరాండ్ కప్ గెలిచింది. మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన భారత జట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన రోజు, గోలు ముందు నిలబడింది తంగరాజే. ముందుకు దూకే కుర్రాడిలో కాపలాదారు ఉన్నాడని ఏ ప్రశ్నపత్రం పసిగట్టగలదు? రోజూ ఆడించి, దగ్గరుండి చూసినవాళ్లకే అది తెలుస్తుంది.

విజయవాడలో అలా చూసే తీరిక ఎవరికీ లేకుండా పోతోంది. పరీక్షకు తయారయ్యే పదేళ్ల పిల్లలు నాలుగంతస్తుల మేడలో చదివి, అందులోనే తిని, అందులోనే నిద్రపోతున్నారు. కింద ఉన్న కాస్త జాగాలో బస్సులు నిలుపుతారు. సైనిక శిక్షణ కోసమని పంపిన పిల్లలకు ఆ చదువులో సగమైన ఆటే అందకపోవడం చాలా బాధాకరం.

ఇది సరిచేయడం పెద్ద పనేమీ కాదు. నగరంలో మైదానాలున్న మునిసిపల్ బళ్లు ఇంకా ఉన్నాయి. బడి వదిలాక ఒక గంట ఆ గేట్లు తెరిచి ఉంచితే, హాస్టళ్లు తమ పిల్లల్ని వరుసగా నడిపించుకుని తీసుకెళ్లవచ్చు. ఆ బడి పిల్లలనూ కలుపుకుంటే జట్లకు కొదవుండదు. ప్రవేశ పరీక్ష రాసేవాళ్లలో సీటు రానివాళ్లే ఎక్కువ. కోరుకొండ మైదానం చూడని ఆ పిల్లలకు ఇక్కడైనా ఆ గంట దక్కాలి. నగరపాలక సంస్థ, హాస్టళ్ల యాజమాన్యాలు ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే ఈ వేసవి సెలవుల తర్వాతే మొదలుపెట్టవచ్చు.