గోపాల్ ఒక్కరే చదివిన దస్త్రాలు

చెన్నై ఎగ్మోర్ స్టేషన్ ముందున్న రోడ్డు పేరు గాంధీ-ఇర్విన్ రోడ్డు. తమిళనాడు ఆర్కైవ్స్ ఎర్ర ఇటుకల భవనం ఆ రోడ్డు మీదే ఉంది. ఆ ఇర్విన్ వైస్రాయ్‌గా ఉన్న కాలం మీద 1957లో పుస్తకం రాసిన సర్వేపల్లి గోపాల్ ఈ ఊళ్లోనే పుట్టారు, ఈ ఊళ్లోనే కన్నుమూశారు. తెలుగువాళ్లలో చాలామందికి ఆయన రాధాకృష్ణన్‌గారి అబ్బాయిగానే తెలుసు. అది చాలదు. స్వతంత్ర భారతం చైనాతో పెట్టుకున్న సరిహద్దు తగాదాలో మన పక్షాన దస్త్రాలు తిరగేసిన చరిత్రకారుడాయన. అంతర్జాతీయ సంబంధాలు చదువుకునే పిల్లలకు ఆయన జీవితం ఒక పాఠ్యాంశం కావాలి. ఆయన గొప్పతనం కోసం ఒక్కటే కాదు, అందులో తేలకుండా మిగిలిన ప్రశ్న కోసం కూడా.

1923లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో లార్డ్ రిపన్ పాలన మీద పరిశోధన చేశారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొంతకాలం చరిత్ర చెప్పారు. 1954లో విదేశాంగ శాఖలోని చారిత్రక విభాగానికి డైరెక్టరయ్యారు. పన్నెండేళ్లు అక్కడే ఉన్నారు. మామూలుగా పండితులు జరిగిపోయినదాన్ని తర్వాత తీరిగ్గా రాస్తారు. గోపాల్ జరుగుతున్నప్పుడే లోపల కూర్చున్నారు.

1959 ఆగస్టులో లోంగ్జూలో, అక్టోబరులో కోంగ్కా కనుమ దగ్గర భారత, చైనా బలగాల మధ్య కాల్పులు జరిగాయి. లడఖ్‌కు తూర్పున ఉన్న అక్సాయ్ చిన్ మనదేనా అన్న విషయంలో నెహ్రూకే అంతవరకూ పూర్తి నమ్మకం లేదు. ఆ సమయంలో గోపాల్ లండన్ వెళ్లి బ్రిటిష్‌వాళ్ల ఇండియా ఆఫీసు కాగితాలు చూసి వచ్చారు. చారిత్రక ఆధారాల ప్రకారం చైనా వాదన కంటే మన వాదనే బలమైందని నెహ్రూకు చెప్పారు. 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఢిల్లీకి వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్లాడు. ఆ జూన్ నుంచి డిసెంబరు దాకా రెండు దేశాల అధికారులు బీజింగ్, ఢిల్లీ, రంగూన్‌లలో కూర్చుని ఆధారాలు బల్లమీద పరిచారు. మన బృందానికి జగత్ మెహతా నాయకుడు. అందులో గోపాల్ ఉన్నారు, జి. నారాయణరావు ఉన్నారు.

ఆ ఆధారాలు ఎలాంటివో చూస్తే ఈ చదువు ఎంత ఓపిక కోరుతుందో తెలుస్తుంది. ఏ ఊరి శిస్తు ఏ ఖజానాకు జమ అయింది, లడఖ్ వాళ్లు ఉప్పు తెచ్చుకోవడానికి, పశువులు మేపుకోవడానికి ఎంత దూరం వెళ్లేవారు, సర్వే బృందం ఏ యేడు ఏ కొండ ఎక్కింది, గస్తీ ఎక్కడిదాకా తిరిగింది. మనవాళ్లు 630 ఆధారాలు ఇస్తే చైనావాళ్లు 245 ఇచ్చారు. 1961 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం ఆ నివేదికను అచ్చు వేసింది. చదివినవాళ్లెవరైనా మనవాళ్ల శ్రమకు చేతులెత్తి నమస్కరించాల్సిందే.

కానీ అవే బ్రిటిష్ కాగితాల్లో వేరే కథ కూడా ఉంది. 1865లో సర్వేయర్ జాన్సన్ గీసిన పటం అక్సాయ్ చిన్‌ను కశ్మీర్‌లో కలిపింది. 1899లో బ్రిటిష్‌వాళ్లే అందులో చాలా భాగాన్ని చైనాకు వదిలే గీత ఒకటి పెకింగ్‌కు పంపారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన పటాల్లో ఆ వైపు హద్దు ఖరారు కాలేదనే ఉండేది. గట్టి గీత పడింది 1954 తర్వాతే. అలస్టెయిర్ లాంబ్, కరుణాకర్ గుప్తా లాంటి పరిశోధకులు తర్వాత ఈ కాగితాలనే చదివి గోపాల్‌తో విభేదించారు. ఎవరిది ఒప్పో ఇక్కడ తేల్చబోవడం లేదు. నా బాధ వేరు. 1959లో ఆ కాగితాలు చదివి ‘అయ్యా, ఇంకోలా కూడా అర్థం చేసుకోవచ్చు’ అని ప్రధానికి చెప్పగల రెండో చరిత్రకారుడు గదిలో లేడు. విశ్వవిద్యాలయంలో ఒక పండితుడు మాటంటే పదిమంది దాన్ని పరీక్షిస్తారు. సచివాలయంలో అదే మాట దేశం మాట అయిపోతుంది, ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. ఇది గోపాల్ తప్పు కాదు. ఆయన్ను ఒంటరిగా చదవనిచ్చిన పద్ధతి తప్పు.

ఆ పద్ధతి ఆయన్ను తర్వాత కూడా వదల్లేదు. 1966లో ఆక్స్‌ఫర్డ్, ఆ పైన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం. 1975, 1979, 1984లలో వచ్చిన నెహ్రూ జీవిత చరిత్ర మూడు సంపుటాలు ఆయన శిఖరం. మొదటి సంపుటానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నెహ్రూ మీద అభిమానాన్ని ఆయన ఎక్కడా దాచుకోలేదు, దాచుకోవాల్సిన పనీ లేదు. చిక్కల్లా ఆయన చూసిన నెహ్రూ కాగితాలు చాలావరకు మిగతా పరిశోధకులకు అందకపోవడమే. అధోజ్ఞాపికలో ఉత్తరం తేదీ కనపడేది, ఆ ఉత్తరం మాత్రం అప్పట్లో చదవడానికి దొరికేది కాదు. చైనా యుద్ధం నడిచిన మూడో సంపుటం అలాగే వచ్చింది, అందులోనూ రాసిన మనిషి ఆ కథలో ఒక పాత్ర.

ఇప్పుడైనా మారిందా? పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1993లో వచ్చింది, నిబంధనలు 1997లో వచ్చాయి. ముప్పై ఏళ్లు దాటిన దస్త్రాలను పరిశోధకులకు ఇవ్వాలన్నది వాటి సారం. అయినా చైనా యుద్ధంలో మన వైఫల్యం మీద తయారైన 1963 నాటి హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇంతవరకూ విడుదల చేయలేదు. 2014లో పాత్రికేయుడు నెవిల్ మాక్స్‌వెల్ కొంత భాగం బయటపెడితే లోకం చదివింది.

చెన్నైవాళ్లకు ఇది దూరపు మంచుకొండల గొడవ కాదు. కచ్చతీవు దీవిని శ్రీలంకకు చెందినదిగా ఒప్పుకున్న ఒప్పందం 1974 నాటిది. రామేశ్వరం జాలర్ల పడవలు పట్టుబడ్డప్పుడల్లా ఆ పేరు పైకొస్తుంది. 2024 ఎన్నికల ముందు ఒక రాజకీయ నాయకుడు సమాచార హక్కు కింద అడిగితే కొన్ని కాగితాలు వచ్చాయి, వారం రోజులు టీవీల్లో కేకలు నడిచాయి. ఎవరికి ఏ ముక్క పనికొస్తే ఆ ముక్క చదివారు. ఆ ఒప్పందానికి యాభై ఏళ్లు దాటాయి. విదేశాంగ శాఖ ఆ ఫైళ్లను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌కు అప్పగించాలి, ఒక నకలు ఎగ్మోర్‌కు పంపాలి. మద్రాసు విశ్వవిద్యాలయం విద్యార్థీ, జాఫ్నా నుంచి వచ్చిన పరిశోధకుడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చదివి, కావాలంటే పోట్లాడుకోనీ.