మల్కాజిగిరి: అద్దె యిండ్ల నియోజకవర్గము

ఓటర్ల సంఖ్యలో మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గము దేశమున కెల్ల మొదటిదన్న సంగతి పాఠకులకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. ఎన్నికలు వచ్చినపుడెల్ల పత్రికలును టీవీ ఛానళ్లును విసుగు లేక ఆ మాటను వల్లించుచునే యున్నవి. ఆ వెంటనే ‘మినీ ఇండియా’ యను బిరుదమును తగిలించి, ‘సెటిలర్లు’ ఇంత శాతము, ఉత్తరాదివారింత, ఫలానా కులమువారింత యని, ఎవరు లెక్కించిరో ఎప్పుడు లెక్కించిరో తెలియని అంకెలను పట్టికగా వేసి, పోలింగు సగమునకు అటునిటుగ ఆగిపోయినందుకు నగరవాసుల బద్ధకమును నాలుగు మాటలు నిందించి, విశ్లేషణ ముగిసినదనిపించుట పరిపాటి యైనది. సెన్సస్ పట్టికలతోను ఓటర్ల జాబితాల చట్టముతోను చిరకాలము కుస్తీ పట్టినవారికి ఈ ధోరణి చిరాకు కలిగింపక మానదు. అక్కడ నివసించువారెవరు, వారు చేయు పనియేమి, వారుండు ఇల్లెట్టిది యను మూడు ప్రశ్నల జోలికి పోకయే వారి ఓటును గూర్చి తీర్పులు చెప్పుట గోడ లేకయే చిత్తరువు వ్రాయబూనుట వంటిది.

ముందుగా ఆ శాతముల సంగతి. సెన్సస్ శాఖ తన లెక్కలను జిల్లా, మండలము, గ్రామము, పట్టణము, వార్డు అను విభాగముల చొప్పున ప్రకటించునే కాని నియోజకవర్గముల చొప్పున ప్రకటింపదు. ఈ నియోజకవర్గములోని ఏడు శాసనసభా స్థానములలో మేడ్చల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్ అనునవి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాకు చెందగా, ఎల్.బి.నగర్ రంగారెడ్డి జిల్లాలోను, సికింద్రాబాదు కంటోన్మెంటు హైదరాబాదు జిల్లాలోను ఉన్నవి. పైగా ఆ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాయే 2016 అక్టోబరు 11న పుట్టినది, అనగా 2011 సెన్సస్ నాటికి దానికి ఉనికియే లేదు. ఇక కులముల మాటకు వచ్చినచో, స్వతంత్ర భారతమున 2011 వరకు జరిగిన ఏ సెన్సస్‌లోను షెడ్యూల్డు కులములు, తెగలు తప్ప ఇతరుల కులములను లెక్కించి ప్రకటించుట జరుగలేదు. కనుక పోలింగుకు వారము ముందు అచ్చగు ఆ కులశాతములు అభ్యర్థుల కార్యాలయములలో పుట్టి, విలేకరుల నోటుపుస్తకములలో పెరిగినవే.

పని విషయము ఇంతకంటె చిక్కనైనది. ఈ ప్రాంతము ఒకే నగరముగా పెరిగినది కాదు. నగరమునకు ఉత్తరమునను తూర్పునను వేర్వేరు కాలములలో వెలసిన కర్మాగారముల చుట్టును కాలనీలు పుట్టి, ఆ కాలనీలు ఒకదానినొకటి ఒరసికొని యేర్పడినది. బాలానగర్ ప్రాంతమున సోవియట్ సహాయముతో వెలసిన ఐ.డి.పి.ఎల్., దాని చేరువనే హిందుస్థాన్ ఏరోనాటిక్స్, కుషాయిగూడ వైపున 1967లో ఇ.సి.ఐ.ఎల్., ఆ పిమ్మట అణు ఇంధన సముదాయము, వాని వెనువెంట నాచారం, మల్లాపూర్, చర్లపల్లి, జీడిమెట్ల పారిశ్రామికవాడలు – ఇవి తెచ్చిన కార్మికులే ఇచ్చటి తొలి ‘వలసవారు’. ఐ.డి.పి.ఎల్. మూతపడినను అందు పని నేర్చినవారు తెచ్చిన విద్యయే హైదరాబాదు ఔషధ పరిశ్రమకు విత్తనమైనది. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డిగారు ఆ సంస్థలో ఉద్యోగము చేసినవారే. ఈ పొరలమీద 1990ల తరువాత సాఫ్ట్‌వేరు ఉద్యోగుల పొర వచ్చి పడినది. పత్రికలకు కనబడునది ఈ పైపొర యొక్కటియే.

సెన్సస్ వీరిని ఎట్లు లెక్కించునో చూడుడు. పనివారిని అది నాలుగు తరగతులుగా విడదీయును: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, కుటీర పరిశ్రమవారు, ఇతరులు. పల్లెల దేశమునకై కుట్టిన ఈ చొక్కా మల్కాజిగిరికి ఏ వైపునను పట్టదు. జీడిమెట్లలో లేతు మీద పనిచేయు టర్నరు, మాదాపూరునకు బస్సులో పోవు ప్రోగ్రామరు, మాల్ వాకిట నిలిచిన సెక్యూరిటీ గార్డు, ఉదయము అడ్డా మీద మేస్త్రీ పిలుపునకు ఎదురుచూచు పాలమూరు కూలీ – వీరందరును ‘ఇతరులు’ అను నొక్క గడిలోనే ఇముడుదురు. అంతేకాదు, సంవత్సరములో ఆరు నెలలకు తక్కువగ పని దొరికినచో అడ్డాకూలీ ‘మార్జినల్’ పనివాడగును. ఇంటికి తెచ్చుకొని గుండీలు కుట్టు అతని భార్య, గణకుడు గ్రుచ్చి గ్రుచ్చి అడిగిననే తప్ప, పనిలేని గృహిణిగానే నమోదగును. ‘మధ్యతరగతి నియోజకవర్గము’ అను పేరు ఈ ఒక్క గడి మీద నిలిచినది.

ఇండ్ల సంగతి చూచిన అసలు కథ తెలియును. కూకట్‌పల్లి హౌసింగుబోర్డు కాలనీలో ఒకనాడు ఎల్.ఐ.జి.గా కేటాయించిన యిల్లు నేడు నాలుగంతస్తుల మేడ; క్రింద టిఫిన్ సెంటరు, నడిమి అంతస్తులలో మంచానికింతయని వసూలు చేయు హాస్టలు, పైన పెంట్‌హౌసులో యజమాని. అపార్ట్‌మెంట్లలో స్టిల్టు క్రింద, మెట్ల ప్రక్కన, మీటరు బోర్డుల నడుమ వాచ్‌మన్ కుటుంబము నలుగురు ఒక్క గదిలో వంట చేసికొని ఒక్క గదిలోనే నిద్రింతురు; మంజూరైన ప్లానులో ఆ గది కనబడదు, మునిసిపల్ పన్ను దస్త్రములో దానికి వేరు నంబరు లేదు. ఊరి చివర పంచాయతీ లేఔట్లలో, క్రమబద్ధీకరణ దరఖాస్తు పెట్టుకొని ఏండ్ల తరబడి యెదురుచూచుచున్న ప్లాట్లలో, 2014 డిసెంబరునాటి 58, 59 జీవోల క్రింద పట్టా కొరకు తిరుగుచున్న గుడిసెవాసులలో, ఇల్లనగా ఒక దస్తావేజు. అద్దెవారికి ఆ దస్తావేజు కూడ లేదు.

వారి చేతనుండునది పదకొండు నెలల అగ్రిమెంటు. పదకొండే యేలయన, ఒక సంవత్సరమునకు మించిన కౌలును రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టపు 17వ సెక్షను చెప్పుచున్నది. ఆ ఖర్చును, ఆ బంధమును తప్పించుకొనుటకు యజమానులు వంద రూపాయల స్టాంపు కాగితముతో పని గడుపుదురు. సరిగా ఇచ్చటనే ఓటరు జాబితాకు ఈ నియోజకవర్గమునకు గల పొత్తు చెడినది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టపు 19, 20 సెక్షనులు ఓటు హక్కును యాజమాన్యమునకు ముడివేయలేదు; సామాన్యముగా నివసించుటకే ముడివేసినవి. ఒకచోట ఇల్లు కలిగియుండుట యను నొక్క కారణమున ఎవనిని అచ్చటి నివాసిగా భావింపరాదని కూడ 20వ సెక్షను స్పష్టముగ పలికినది. ఇంతటి ఉదారమైన సూత్రమును ఆచరణలో చిదిమివేసినది ఆరవ నంబరు ఫారము. చిరునామాకు సాక్ష్యముగా అది కోరు పత్రములలో అద్దెదారునకు ప్రత్యేకించినది ‘రిజిస్టరు చేసిన’ కౌలు దస్తావేజు! కరెంటు బిల్లు యజమాని పేరిట నుండును. ఆధారు కార్డు స్వగ్రామపు చిరునామాతో నుండును. ఇవేవియు లేనివారి విషయమున అధికారి ఇంటికి వచ్చి విచారించి నమోదు చేయవలెనని నియమము కలదు గాని, అద్దెకున్నవారి గుర్తు తమ ఇంటి నంబరు మీద పడుట యజమానులకు రుచింపదు. చట్టము అద్దెవాని పక్షమున, ఫారము యజమాని పక్షమున నిలిచినవి.

ఫలితమేమనగా, వచ్చినవాని పేరు ఎక్కదు, పోయినవాని పేరు చెరగదు. 2009లో ఇచ్చటి ఓటర్లు సుమారు 23 లక్షలు. 2014లో 31 లక్షలు దాటిరి. ఊరు వెల్లువవలె పెరిగిన అయిదేండ్ల పిదప 2019లోను 31 లక్షల చెంతనే ఉండిరి. 2024లో 37 లక్షలు మించిరి. మనుష్యులు ఇట్లు అలలు అలలుగా పుట్టరు, గిట్టరు. పెరిగినదియు ఆగినదియు జాబితాయే. ఆధారు అనుసంధానము పేర 2015లో మొదలుపెట్టి సుప్రీంకోర్టు ఉత్తరువుతో నిలిపివేసిన ప్రక్షాళనమును, 2018 డిసెంబరు శాసనసభ ఎన్నికలలో పేర్లు గల్లంతైనవని గగ్గోలు పుట్టగా రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పుకొనుటయు పాఠకులకు గుర్తుండియే యుండును. ఇక రెండు తెలుగు రాష్ట్రములలోను ఒకేనాడు పోలింగు జరిగిన 2019 ఏప్రిల్ 11, 2024 మే 13 తేదీలకు ముందు నగరపు బస్‌స్టాండ్లను చూచినవారు పోలింగు శాతమును గూర్చి నీతి బోధింపజాలరు. రెండు చోట్ల పేరుండుట ప్రజాప్రాతినిధ్య చట్టపు 17వ సెక్షనుకు విరుద్ధమే. కాని ఆ రెండవ పేరును తొలగింపవలసిన యంత్రాంగము తొలగింపక, ఊరికి పోయి ఓటు వేసి వచ్చినవానిని ఇచ్చట బద్ధకస్థునిగా లెక్కకట్టుట యేమి న్యాయము? హారములో కల్లయున్నపుడు భాగఫలము నిజము కాదు.

కంటోన్మెంటులో ఈ వైచిత్రి పరాకాష్ఠకు చేరినది. అచ్చటి బస్తీవాసి శాసనసభకును లోక్‌సభకును ఓటు వేయగలడు; కాని కంటోన్మెంటు బోర్డు ఎన్నికలకు వేరు జాబితా, వేరు చట్టము. పచ్‌మఢీ కంటోన్మెంటు వ్యాజ్యమున 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ననుసరించి, అక్రమ కట్టడములలో ఇంటి నంబరు లేక నివసించువారు ఆ జాబితాకు అర్హులు కారు. ఆ మీదట సికింద్రాబాదులో వేలకొలది పేర్లు కొట్టివేయబడినవి. పార్లమెంటు సభ్యుని ఎన్నుకొనుటకు తగిన నివాసి, తన వీధి కుళాయిని గూర్చి అడుగవలసిన బోర్డు సభ్యుని ఎన్నుకొనుటకు తగడు.

అసలు ఇంత పెద్ద నియోజకవర్గము ఎట్లు పుట్టినది? పుట్టినపుడిది పెద్దది కాదు. న్యాయమూర్తి కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతనున్న డీలిమిటేషను కమిషను 2001 జనాభాను ఆధారముగా గొనెను. నాటి ఉమ్మడి రాష్ట్రపు 7 కోట్ల 62 లక్షల జనమును 42 స్థానములకు పంచినచో స్థానమునకు సగటున 18 లక్షలు. ఆ కొలతకు అటునిటుగా కత్తిరించిన గుడ్డయే మల్కాజిగిరి. కాని ఆ హద్దులు 2008లో అమలునకు వచ్చి 2009లో తొలి ఎన్నిక జరుగునాటికే, పిల్లలను విడిచి ఓటర్లే 23 లక్షలు! అనగా తొలినాటికే కొలత చెల్లిపోయినది. నయముగ 2003లో రాజ్యాంగపు 87వ సవరణ వచ్చి ఆధారమును 1991 నుండి 2001కి మార్చినది గాని, లేనిచో అవస్థ ఇంకను విషమించియుండెడిది. 2024లో మహబూబాబాదున ఓటర్లు 15 లక్షల పైచిలుకు. అనగా అచ్చటి ఓటునకు ఇచ్చటి రెండు ఓట్లును సరితూగవు.

ఇచ్చట విశ్లేషకులు పెట్టుచున్న గందరగోళమును విడదీయవలసియున్నది. 2001 నాటి 84వ సవరణచే రూపుదిద్దుకొన్న 82వ అధికరణము, 2026 తరువాత జరుగు మొదటి సెన్సస్ వరకు రెండు వేర్వేరు విషయములను నిలిపియుంచినది: రాష్ట్రముల నడుమ సీట్ల పంపకము ఒకటి, ఒక్కొక్క రాష్ట్రములోపల నియోజకవర్గముల హద్దులు రెండవది. మొదటిదానికి బలవత్తరమైన కారణమున్నది: కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రములు శిక్షింపబడరాదన్న న్యాయము. దక్షిణాది భయమంతయు దీనిని గూర్చియే. ఆ భయము సబబైనదే. కాని తెలంగాణకు గల 17 స్థానములను తెలంగాణలోనే సరిగా పంచుకొన్నచో బీహారుకు లాభించునదేమి, తమిళనాటికి నష్టించునదేమి? హద్దులు మార్చుట అసాధ్యమను వాదమును కూడ నేను ఒప్పుకొనను. 2014లో పోలవరము కొరకు భద్రాచల ప్రాంతపు మండలములను ఆంధ్రప్రదేశ్‌కు మార్చినపుడు సెన్సస్ కొరకు ఎవరును వేచియుండలేదు. శాసనసభా స్థానముల హద్దులే మారినవి. భద్రాచలము లక్షన్నర ఓటర్లకు లోబడిన స్థానమై మిగులగా, కుత్బుల్లాపూరు ఆరు లక్షలు దాటినది. ఇద్దరు శాసనసభ్యులకును సభలో ఓటు ఒక్కొక్కటియే. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టపు 26వ సెక్షను తెలంగాణ స్థానములను 119 నుండి 153కు పెంచవలెనని పలికినను, 170వ అధికరణమునకు లోబడియే యని ముడి వేసినందున, 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆ పెంపును కోరిన పిటిషనును త్రోసిపుచ్చినది. తీర్పు చట్టము ననుసరించినదే. చట్టమును మార్చు అధికారము మాత్రము పార్లమెంటుది.

2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుగు సెన్సస్‌లో కులములను కూడ లెక్కింతురు. ఆ పట్టికలను శాసనసభా స్థానముల చొప్పున ప్రచురింపవలెనని, ‘ఇతరులు’ అను గడిని పట్టణములకు తగినట్లు విడగొట్టవలెనని, పదకొండు నెలల అగ్రిమెంటును చిరునామా సాక్ష్యముగా ఎన్నికల సంఘము అంగీకరింపవలెనని, సీట్ల పంపకముపై తగవు ఎంతకాలము సాగినను హద్దుల సవరణను దాని నుండి వేరు చేయవలెనని మన పార్లమెంటు సభ్యులను, ఏ పక్షమువారైనను సరే, పాఠకులు నిలదీయవలెను. అంతవరకు కులశాతముల పట్టికను అచ్చు వేయకుండుట పత్రికలు చేయగల కనీస ఉపకారము.